విరగని ఉక్కుకి లెక్క ఏది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం చుట్టూ తిరిగాయి: లోహంలో పగులు. కాలేజీ ల్యాబ్ నుంచి ఒకటి, క్వారీ నుంచి ఒకటి, రొయ్యల ప్లాంటు నుంచి ఒకటి, రొయ్యల గుంటల గట్టు మీద నుంచి ఒకటి. అందుకే మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: సార్, మాది కావలి. ఎం.టెక్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం మామూలు మైల్డ్ స్టీలు ప్లేటులోంచి 25 మి.మీ. మందంతో కాంపాక్ట్ టెన్షన్ ముక్కలు (ఒక అంచున గాటు పెట్టి, రెండు పిన్నులతో లాగే దిమ్మెలు) కోయించి, ఏఎస్‌టీఎం ఈ399 అనే అమెరికన్ ప్రమాణం ప్రకారం ఫ్రాక్చర్ టఫ్‌నెస్ టెస్టు చేశాను. ముక్క విరగలేదు, నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. లెక్క వేస్తే 46 వచ్చింది, గైడ్ గారేమో అది చెల్లదన్నారు. మూడు ముక్కలూ ఇంతే. మళ్లీ మొదటినుంచి చేయాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: టెన్షన్ వద్దమ్మా. మీ పనిలో తప్పు లేదు, మీ ఉక్కులోనూ లోపం లేదు. ఫ్రాక్చర్ టఫ్‌నెస్ అంటే పగులున్న లోహం ఆ పగులు పెరగకుండా ఎంతవరకు తట్టుకుంటుందన్న కొలత. ఆ టెస్టు అలాంటి ఉక్కు కోసం తయారైంది కాదు.

పగులు లెక్కలన్నిటికీ మూలం గాజు. 1920ల మొదట్లో ఇంగ్లండులో గ్రిఫిత్ గాజు మీద పని చేస్తూ, పగులు ముందుకు పోవాలంటే కొత్త ఉపరితలం పుట్టాలి, దానికి కావలసిన శక్తి ఆ వస్తువులో బిగబట్టి ఉన్న శక్తిలోంచే రావాలి అని లెక్క కట్టాడు. గాజుకి బాగా సరిపోయింది. లోహం దగ్గరకొచ్చేసరికి కుదరలేదు, ఎందుకంటే లోహం చీలేముందు సాగుతుంది, ఆ సాగడానికే శక్తిలో చాలా భాగం ఖర్చయిపోతుంది. 1950ల్లో అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో ఇర్విన్ ఆ లెక్కను లోహాలకు పనికొచ్చేలా మార్చి, పగులు కొన దగ్గర ఒత్తిడి ఎంత తీవ్రంగా ఉందో చెప్పే ‘కె’ అనే రాశిని ఇచ్చాడు. మీరు కొలిచింది అదే. అయితే దానికి ఒక గట్టి షరతుంది. కొన దగ్గర శాశ్వతంగా సాగిపోయిన ప్రాంతం, ముక్క మొత్తం సైజు ముందు చాలా చిన్నదిగా ఉండాలి.

మీ అంకెలతోనే చూద్దాం. ప్లేటు యీల్డ్ బలం, అంటే శాశ్వతంగా సాగడం మొదలయ్యే ఒత్తిడి, 280 మెగాపాస్కల్ అనుకోండి. నియమం ప్రకారం టఫ్‌నెస్‌ని యీల్డ్ బలంతో భాగించి, దాన్ని వర్గం చేసి, 2.5తో గుణించాలి. పగులు ముందు మిగిలి ఉన్న లోహం అంతకంటే తక్కువ ఉండకూడదు. మీ ముక్కలో ఆ మిగిలిన భాగం 25 మి.మీ. వెనక్కి లెక్కేస్తే ఆ ముక్క నిజాయితీగా కొలవగలిగిన గరిష్ఠ విలువ 28 మెగాపాస్కల్ రూట్ మీటర్ మాత్రమే. మీకు 46 వచ్చింది. బంగారం తూచే త్రాసులో వడ్ల బస్తా పెడితే వచ్చిన అంకెకి అర్థం ఉండదు కదా. ఇంకా మీ గ్రాఫులో గరిష్ఠ లోడు, లెక్కకి తీసుకున్న లోడుకి 1.1 రెట్లు దాటకూడదు. మీ ముక్కలు నోరు తెరిచాయంటే అది కూడా ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. సరే, ఈ ఉక్కు అసలు టఫ్‌నెస్ 150 అనుకుని ఈ పద్ధతిలోనే కొలవాలంటే పగులు ముందు మిగిలిన లోహం ఎంత కావాలో తెలుసా? దాదాపు 72 సెంటీమీటర్లు. అంత దిమ్మెను లాగడానికి వెయ్యి టన్నులు దాటిన యంత్రం కావాలి.

మరి నోరు తెరిచిన ముక్క లోపల ఏం జరిగింది? పూరీ పిండి ముద్దకి కత్తితో చిన్న గాటు పెట్టి రెండు వైపులా మెల్లగా లాగి చూడండి. గాటు వెంటనే చిరగదు, ముందు దాని కొన గుండ్రంగా అయి వెడల్పు అవుతుంది. ఉక్కులోనూ మొదట అదే జరుగుతుంది. దీన్ని బ్లంటింగ్ అంటారు. ఉక్కు తయారయ్యేటప్పుడు లోపల మిగిలిపోయిన మాంగనీస్ సల్ఫైడ్ లాంటి చిన్న చిన్న మలినాల రేణువులు ఉంటాయి. గుండ్రమైన కొన ముందు లోహం బాగా సాగినప్పుడు ఆ రేణువుల చుట్టూ లోహం ఊడిపోయి సన్నని గుల్లలు పడతాయి. గుల్లలు పెరుగుతాయి, వాటి మధ్య గోడలు పలచబడి తెగుతాయి, ఒకదానితో ఒకటి కలుస్తాయి, అప్పుడే పగులు నిజంగా ఒక అడుగు ముందుకేస్తుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ఆ తెగిన ముఖం చూస్తే పక్కపక్కన పేర్చిన బుల్లి గిన్నెల్లా ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు నేను చాలాసేపు తెర మీంచి కళ్లు తిప్పలేదు. ఉక్కు ఇంత ఓపిగ్గా, ఇంత కష్టపడి తెగుతుందా అనిపించింది.

ప్లేటు రోలింగ్‌లో ఆ రేణువులు కూడా ఒకే దిక్కుకి పొడవుగా సాగి ఉంటాయి కాబట్టి, ముక్కను ఏ దిక్కులో కోశారన్న దాన్ని బట్టి టఫ్‌నెస్ చాలా మారిపోతుంది. థీసిస్‌లో దిక్కు రాయకపోతే అంకెకి విలువ ఉండదు. తప్పకుండా రాయండి.

అందుకని మీకు కావలసింది కె కాదు, ‘జె’. 1968లో జేమ్స్ రైస్ ఇచ్చిన రాశి ఇది. సాగే లోహంలో పగులు కొన వైపు ఎంత శక్తి వెళుతోందో, కొన చుట్టూ లోహం యీల్డ్ అయిపోయినా సరే, ఇది చెప్పగలదు. దీనికి ముడిసరుకు మీ గ్రాఫులోనే ఉంది. లోడు ఒక వైపు, లోడు లైను దగ్గర జరుగుబాటు మరో వైపు వేస్తే ఆ గీత కింద ఉన్న వైశాల్యం. దాంట్లో తిరిగి వెనక్కి రాని భాగాన్ని మందంతోనూ మిగిలిన లోహం పొడవుతోనూ భాగించి, ఒక గుణకంతో హెచ్చించాలి. పగులు సరిగ్గా సగం దాకా ఉన్న మీ తరహా ముక్కకి ఆ గుణకం 2.26. సాగి వెనక్కి వచ్చే భాగాన్ని కె నుంచి లెక్కేసి కలపాలి. ఇదంతా ఏఎస్‌టీఎం ఈ1820లో ఉంది. సైజు షరతు కూడా ఇక్కడ చాలా తేలిక. జె విలువకి 10 రెట్లు తీసుకుని, యీల్డ్ బలానికీ తెగే బలానికీ సగటుతో భాగించాలి. ఇందాకటి 150 టఫ్‌నెస్ జె లెక్కలో చదరపు మీటరుకి సుమారు 99 కిలోజౌళ్లు. సగటు బలం 360 అనుకుంటే కావలసిన కొలత 3 మిల్లీమీటర్లు కూడా లేదు. 72 సెంటీమీటర్లు ఎక్కడ, 3 మిల్లీమీటర్లు ఎక్కడ! మీ 25 మి.మీ. ముక్క కావలసినంత కంటే ఎక్కువే.

కానీ ఇందులో కష్టం ఇంకోచోట ఉంది. గాజులా ‘ఠప్’మని విరిగే క్షణం ఇక్కడ లేదు. సాగే లోహంలో పగులు పెరిగే కొద్దీ దాన్ని ఇంకొంచెం పెంచడానికి ఇంకా ఎక్కువ శక్తి పెట్టాలి. అంటే టఫ్‌నెస్ ఒక్క అంకె కాదు, ఒక గీత. అడ్డంగా పగులు ఎంత పెరిగింది, నిలువుగా జె ఎంత, ఇలా గీస్తే వచ్చేదే ఆర్-కర్వ్. బ్లంటింగ్ వల్ల కొన కాస్త ముందుకు జరిగినట్టు కనిపిస్తుంది కాబట్టి దానికో వాలు గీత వేసి, దాన్ని 0.2 మి.మీ. పక్కకి జరిపి, అది ఆర్-కర్వ్‌ని ఎక్కడ కోస్తుందో ఆ జె విలువను పగులు మొదలైన చోటుగా తీసుకుంటారు. 0.2 అన్నది ప్రకృతి పెట్టిన హద్దు కాదు, ఇంజనీర్లు అందరూ ఒకేలా కొలవడానికి పెట్టుకున్న ఒప్పందం. నా మట్టుకు నేను ఆ ఒక్క అంకె కంటే గీత మొత్తాన్నే నమ్ముతాను. రెండు ఉక్కులకి మొదలు ఒకటే ఉండి, ఒకదాని గీత నిటారుగా లేచి మరొకదాని గీత పడుకుంటే, నేను మొదటిదాన్నే ఎంచుకుంటాను.

ఇక పగులు ఎంత పెరిగిందో, ముక్క లోపల, పదో వంతు మిల్లీమీటరు లెక్కలో తెలియాలి. ఒక్క ముక్కతో చేయాలంటే లోడు పెంచుతూ మధ్యమధ్యలో కొంచెం దించి మళ్లీ ఎక్కిస్తారు. దించిన ప్రతిసారీ గ్రాఫులో చిన్న గీత వస్తుంది. పగులు పెరిగితే ముక్క మెత్తబడుతుంది, ఆ గీత వాలు తగ్గుతుంది, దాన్నుంచి పగులు పొడవు లెక్కేస్తారు. ఈ తేడా చాలా చిన్నది కాబట్టి పగులు నోరు ఎంత తెరుచుకుందో కొలిచే క్లిప్ గేజ్ కూర్చునే చోట, లోడింగ్ పిన్నుల్లో రాపిడి ఉంటే పగులు వెనక్కి నడిచినట్టు కూడా లెక్క వస్తుంది. గుండ్రటి పిన్ను రంధ్రాలు కాక, పిన్ను దొర్లేలా చదునైన అడుగు ఉన్న రంధ్రాల క్లెవిస్ (ముక్కను పట్టుకునే కొంకి) వాడండి.

టెస్టుకి ముందు వేసే ఫెటీగ్ పగులు (పదేపదే లోడు పడి పుట్టే పగులు) మాత్రం తొందరపడి వేయొద్దు. వైర్‌కట్‌తో చేసిన గాటు ఎంత సన్నగా ఉన్నా అది పగులు కాదు, దాని కొనలోంచి చిన్న లోడు వేలసార్లు ఎక్కించి దించి అసలైన పగులు పుట్టించాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో సాయంత్రం బస్సు అందుకోవాలని లోడు పెంచి గంటలో ముగించాను. కొన ముందే బాగా సాగిపోయింది, టెస్టులో టఫ్‌నెస్ ఉన్నదానికంటే ఎక్కువ వచ్చింది. అంకె చూసి సంతోషపడ్డాను కూడా. వేరే వాళ్ల ముక్కలతో పోల్చాకే తెలిసింది, ఆ బ్యాచ్ మొత్తం తీసేయాల్సి వచ్చింది.

ఇప్పుడు మీ మూడు ముక్కలు. వాటిని పారేయకండమ్మా! మూడింటినీ వేర్వేరు చోట్ల ఆపి ఉంటే మీ చేతిలో ఆర్-కర్వ్ మీద మూడు బిందువులు ఉన్నట్టే. ముక్కల్ని ఫర్నేసులో 300 డిగ్రీల దగ్గర అరగంట ఉంచండి, తెరుచుకున్న పగులు ముఖం రంగు తిరుగుతుంది. తర్వాత ద్రవ నైట్రోజన్‌లో ముంచి తీసి విరగ్గొట్టండి. మన పశువుల ఆసుపత్రుల్లో ఒంగోలు గిత్తల వీర్యం దాచే క్యాన్లలో ఉండేది అదే ద్రవం, గ్యాస్ డీలర్ల దగ్గర దొరుకుతుంది. చేతి తొడుగులు, కళ్లద్దాలు, తెరిచిన కిటికీలు తప్పనిసరి. ఆ చలిలో మైల్డ్ స్టీలు సాగడం మానేసి మెరుస్తూ చీలిపోతుంది, రంగు తిరిగిన పట్టీ స్పష్టంగా వేరుపడి కనిపిస్తుంది. ఆ పట్టీని మందం పొడవునా తొమ్మిది చోట్ల కొలిచి సగటు తీయాలి, చివరి రెండు అంచుల కొలతల్ని ముందు సగటు చేసి ఒక్కటిగా లెక్కించాలి. పట్టీ మధ్యలో ముందుకు పొడుచుకొచ్చి బొటనవేలి గోరులా కనిపిస్తే, కొత్త ముక్కలకి రెండు పక్కలా సన్నని గాడి కోయించండి, పగులు తిన్నగా వస్తుంది. ఇంకొక్కటి చూసుకోండి. గేజ్ లోడు లైను మీద ఉందా, ముందు అంచు మీద ఉందా? అంచు మీద ఉంటే ఆ జరుగుబాటును లోడు లైనుకి మార్చాకే వైశాల్యం తీయండి. ఇంకో మూడు నాలుగు ముక్కలు కలిస్తే గీత పూర్తవుతుంది. 46 అంకెను కూడా థీసిస్‌లో ఉంచి, అది ఎందుకు చెల్లదో రాయండి.

ప్రశ్న: అయ్యా, మాది చీమకుర్తి దగ్గర. గ్రానైట్ క్వారీలో క్రేన్ పని చూస్తాను. బ్లాకులు లేపే హుక్కు నోరు కొంచెం విచ్చుకుంది. మా వాళ్లు “మంచి ఉక్కు కాబట్టే విరక్కుండా వంగింది, కాల్చి కొట్టి సరిచేద్దాం” అంటున్నారు. చేయొచ్చా?

జవాబు: వద్దు. దయచేసి ఈరోజే ఆ హుక్కు దించేయండి.

మీ వాళ్లు చెప్పిన మొదటి మాట నిజమే. హుక్కుల్ని సాగే ఉక్కుతో చేసేదే అందుకు. రాయి లక్షణం మీకు నేను చెప్పక్కర్లేదు. వరసగా రంధ్రాలు వేసి ఇనుప చీలలు దింపి సమ్మెటతో ఒక్కో దెబ్బా వేసుకుంటూ పోతే, ఒక దశలో బ్లాకు తనంతట తానే చీలిపోతుంది, ఆ చీలిక మధ్యలో ఆగదు. గ్రానైట్ టఫ్‌నెస్ ఇందాకటి కొలతలో 1, 2 మధ్య ఉంటుంది. ఉక్కుది 100 దాటుతుంది. పగులు పెరగడానికి కావలసిన శక్తి లెక్కలో చూస్తే ఆ తేడా వేల రెట్లు. అందుకే రాయి చెప్పకుండా పోతుంది, ఉక్కు ముందు నోరు తెరిచి చెబుతుంది.

హుక్కు తెరుచుకోవడమే ఆ కబురు. ఆ కబురు వచ్చాక దాన్ని కొట్టి మూసేస్తే, సాగే శక్తిలో కొంత ఖర్చయిపోయిన లోహాన్ని మళ్లీ వెనక్కి వంచినట్టు. పైగా కొలిమిలో కాలిస్తే ఫ్యాక్టరీలో చేసిన హీట్ ట్రీట్‌మెంటు పోతుంది. చాలా దేశాల్లో పాటించే అమెరికన్ ప్రమాణం ప్రకారం హుక్కు నోరు అసలు కొలతకంటే 5 శాతం పెరిగితే (అది కూడా 6 మి.మీ. మించకుండా) తీసేయాలి, అరుగుదల 10 శాతం దాటినా తీసేయాలి. మెలి తిరిగినా, పగులు కనిపించినా అంతే. కొత్త హుక్కు వచ్చిన రోజే నోటికి రెండు వైపులా పంచ్‌తో చుక్కలు పెట్టి వాటి మధ్య దూరం పుస్తకంలో రాసుకోండి, ఆ తర్వాత వెర్నియర్‌తో చూడడం అర నిమిషం పని. హుక్కు మీద వెల్డింగు మాత్రం ఎవరు చెప్పినా చేయనీయకండి. కింద మనుషులు నిలబడతారు.

ప్రశ్న: నెల్లూరు పక్కన రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో మెయింటెనెన్స్ చూస్తాను. అమ్మోనియా పైపులకి ‘చార్పీ టెస్టు సర్టిఫికెట్’ అడగమంటారు. అది మీరు చెప్పే టఫ్‌నెస్ ఒకటేనా? మన ఎండలకి ఇవన్నీ అవసరమా?

జవాబు: ఒకటి కాదు. చార్పీలో 10 మి.మీ. చదరపు కడ్డీకి 2 మి.మీ. లోతు గాటు పెట్టి లోలకంతో ఒక్క దెబ్బ కొడతారు, మింగిన శక్తి ఎంతో చూస్తారు. పగులు మొదలవడానికి ఎంత, పెరగడానికి ఎంత అని అది విడదీయదు, ఆ అంకెతో ఎంత పగులు ప్రమాదమో నేరుగా లెక్కేయలేం. అయితే ఉక్కు ఏ చలిలో సాగడం మానేస్తుందో చౌకగా, త్వరగా చెబుతుంది. మీకు కావలసింది అదే.

బయట 44 డిగ్రీలు ఉండొచ్చు, మీ ప్లేట్ ఫ్రీజరు లోపల మైనస్ 40. ఆ పైపుకి నెల్లూరు ఎండ తెలియదు. 1943 జనవరిలో అమెరికాలో షెనెక్టడీ అనే కొత్త ట్యాంకరు ఓడ తుఫాను లేకుండా, రేవులో కట్టి ఉండగానే, రాత్రిపూట రెండుగా విరిగిపోయింది. అప్పటి ఉక్కు చల్లటి వాతావరణంలో పెళుసుగా మారేది, వెల్డింగు చేసిన ఓడలో పగులును ఆపే అతుకు లేదు. మీరు సర్టిఫికెట్ చూసేటప్పుడు జౌళ్ల అంకె ఒక్కటే చూడకండి, దాని పక్కన టెస్టు చేసిన ఉష్ణోగ్రత ఎంతో చూడండి. 20 డిగ్రీల దగ్గర వచ్చిన మంచి అంకె మీ పైపుకి పనికిరాదు.

ప్రశ్న: మాది ఇందుకూరుపేట మండలం. రొయ్యల గుంటల్లో ఏరియేటర్ల స్టీలు షాఫ్టులు విరిగిపోతున్నాయి. స్టెయిన్‌లెస్ అని ఎక్కువ డబ్బు పెట్టి కొన్నాం. షాపు ఆయన ‘మీరే ఓవర్‌లోడ్ చేశారు’ అంటాడు. ఎలా తేల్చుకోవాలి? రాత్రిపూట విరిగితే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుందని నిద్ర పట్టడం లేదు.

జవాబు: విరిగిన ముఖం రుద్దకుండా, రెండు ముక్కల్నీ ఒకదానికొకటి తగలనీయకుండా, మంచినీళ్లతో మెల్లగా కడిగి ఆరబెట్టి చూడండి. అది చెప్పినంత స్పష్టంగా మీరు గానీ షాపు ఆయన గానీ చెప్పలేరు. ఒక్కసారి ఓవర్‌లోడ్‌తో పోయిన షాఫ్టు ముందు మెలి తిరుగుతుంది, సాగుతుంది. అలా కాకుండా ముఖం చదునుగా, నున్నగా ఉండి, ఒక అంచు నుంచి ఆల్చిప్ప మీద గీతల్లా వంకర గీతలు కనిపిస్తే అది ఫెటీగ్. ఆ గీతలన్నీ ఏ మూల చుట్టూ వంగి ఉన్నాయో పగులు అక్కడే పుట్టింది. మీ షాఫ్టుల్లో ఆ మూల సాధారణంగా కీ కోసం కోసిన గాడి అంచో, సైజు తగ్గించిన మెట్టో అవుతుంది.

స్టెయిన్‌లెస్ టఫ్‌నెస్ చాలా ఎక్కువ, మరి ఎందుకు విరిగింది అంటారేమో. టఫ్‌నెస్ చెప్పేది పగులు ఎంత పెద్దదయ్యాక చివరికి తెగుతుందో. పగులు రోజూ కొంచెం కొంచెం పాకడాన్ని అది ఆపలేదు. చక్రం నిమిషానికి సుమారు 100 చుట్లు తిరుగుతుంది, రోజుకి 10 గంటలు నడిపినా 60,000 చుట్లు, పదిహేడు రోజుల్లో పది లక్షలు. వంగిన షాఫ్టులో ప్రతి చుట్టుకీ లోహం ఒకసారి లాగబడి ఒకసారి నొక్కబడుతుంది. 1960ల మొదట్లో పాల్ పారిస్ చూపించిన దాని ప్రకారం, పగులు కొన దగ్గర కె ఎంత ఊగుతుందో ఆ ఊపుకి ఒక ఘాతంలో పగులు వేగం పెరుగుతుంది, ఉక్కుల్లో ఆ ఘాతం సుమారు మూడు. అంటే షాఫ్టు అలైన్‌మెంటు తప్పి లోడు ఊపు రెట్టింపయితే పగులు ఎనిమిది రెట్లు వేగంగా పాకుతుంది. పగులు నాలుగింతలు పొడవైనా అంతే, అందుకే మొదటి మూడు నెలలు ఏమీ తెలియదు, చివరి వారంలో ఒక్కసారిగా పోతుంది. దానికి తోడు మీది ఉప్పునీరు. మంచి గాలిలో ఇంత ఒత్తిడి లోపల ఉంటే ఎప్పటికీ పగలదు అనే హద్దు కొన్ని ఉక్కులకి ఉంటుంది, ఉప్పునీటిలో ఆ హద్దు మీద ఆధారపడలేం.

ముఖంలో నున్నటి భాగం ఎంత, గరుకు భాగం ఎంత అని చూడండి. చివర్లో తెగిన గరుకు భాగం చిన్నగా ఉంటే లోడు తక్కువే ఉందని అర్థం, షాపు ఆయనకి ఆ ముక్కే చూపించండి. కొత్త షాఫ్టుకి గాడి మూలలు పదునుగా కాకుండా గుండ్రంగా తిప్పమని లేతు ఆయనకి చెప్పండి, బేరింగు బ్లాకులు ఒకే లెవెల్లో ఉన్నాయో లేదో ఫ్లోట్లు కట్టాక నీళ్ల మీదే చూసుకోండి. విరిగిన షాఫ్టుని వెల్డింగు పెట్టి మళ్లీ ఎక్కించకండి, ఆ అతుకు పక్కనే మళ్లీ పోతుంది. పట్టుబడి అయ్యాక గుంట ఎండబెట్టే రోజుల్లో షాఫ్టులన్నీ తీసి శుభ్రం చేసి డై పెనెట్రాంట్ కొట్టండి. ఎర్ర రంగు పూసి, పది నిమిషాలాగి తుడిచి, తెల్ల పొడి చల్లితే పగులున్న చోట సన్నని ఎర్ర గీత పైకి తేలుతుంది. ఆ గీత కనిపించిన షాఫ్టు మళ్లీ గుంటలోకి దిగకూడదు.